ముందు గదిలో ఓడ మంచం

గాజువాక,
ఆగస్టు 11.

దీనా వదినకు,

ఫ్లోరెన్స్ వందనాలు. ఇక్కడ మేమందరం క్షేమం, ఇంట్లో నడవడానికి దారి లేకపోవడం ఒక్కటి తప్ప.

మీకు చెవి సరిగా వినపడక ఫోన్ మానేసిన దగ్గర్నుంచి నాకీ ఉత్తరాలు అలవాటయ్యాయి. ఒకందుకు మంచిదే. మీ తమ్ముడి గురించి ఫోన్లో చెప్పుకోవాలంటే ఆయన చెవిన పడని మూల ఒకటి కావాలి. మా ఇంట్లో అలాంటి మూల ఒక్కటే ఉండేది, అందులో ఇప్పుడు ఎవరిదో పాత కూలర్ ఉంది.

ముందు మంచి కబురు. మన అక్సాకు నాలుగో నెల. జనవరి నెలాఖరుకి అవుతుందని డాక్టరమ్మ చెప్పింది. తొలి కాన్పు కదా, పుట్టింటి బాధ్యత. క్రిస్మస్ వెళ్లగానే గోపాలపట్నం వెళ్లి దాన్ని తీసుకొచ్చుకుంటాం. బిడ్డకు మూడో నెల వచ్చేదాకా ముందు గదిలో పెట్టుకోవాలని నా ఆశ. గాలీ వెలుతురూ ఉన్న గది మాకు అదొక్కటే. మధ్య గదికి కిటికీ ఉందని మీకు తెలుసు, నాకూ తెలుసు, కానీ దాన్ని చూసి రెండేళ్లయింది. దాని ముందు బీరువా ఉంది. ఆ బీరువా ముందు ఇంకో బీరువా ఉంది.

మీ తమ్ముడు పోర్టులో క్రేన్ మీద ఎనిమిది గంటలు కూర్చుని దిగుతాడు. దిగినవాడు ఇంటికి రావాలా వద్దా? స్టీల్ టౌన్‌షిప్‌లో ఎవరు రిటైరై క్వార్టర్ ఖాళీ చేస్తున్నారో ఆ కబుర్లు ఈయనకి పెళ్లి పిలుపులు వచ్చినట్టు వచ్చేస్తాయి. ఎల్లాజీ అని పాత సామాన్ల వ్యాపారి ఉన్నాడు, ఆటో ట్రాలీ ఉంది అతనికి. ఇద్దరూ కలిసి వెళతారు. ఎల్లాజీ అమ్ముకోవడానికి కొంటాడు. మీ తమ్ముడు తెచ్చుకోవడానికి కొంటాడు. మిక్సీలు మూడయ్యాయి. టేబుల్ ఫ్యాన్లు నాలుగో ఐదో. కుర్చీల సంగతి అడగకండి.

మొన్న తెచ్చింది మాత్రం అన్నిటినీ మించింది. ఓడలు విరగ్గొట్టినప్పుడు వచ్చే సామాను అమ్మే కొట్టు నుంచి ఒక మంచం. నాలుగు పక్కలా జానెడు ఎత్తు చెక్క అంచు, సముద్రం ఊగినా పడుకున్న మనిషి కింద పడకుండా. కింద రెండు పెద్ద సొరుగులు. నలుగురు మోసుకొచ్చి ముందు గదిలో దించారు.

"ఇదేటండీ మళ్లీ?" అన్నాను.

"ఏటేటి? టేకు! ఈ రోజుల్లో ఇలాటి టేకు ఎక్కడ దొరుకుద్ది? మనోళ్లకి ఇలువ తెల్దు, ఒగ్గేత్తన్నారు."

"గాజువాకలో సముద్రం ఎక్కడ ఊగుతోందండీ?" అన్నాను. మొహం పక్కకి తిప్పుకుని సొరుగు లాగి చూసుకుంటూ కూర్చున్నాడు. ఇరవై తొమ్మిదేళ్లుగా నేను పడుకుంటున్న మంచం కోళ్లు కిర్రుమంటున్నాయి వదినా. దానికి ఒక మేకు కొట్టే తీరిక లేదు.

ఆయనకి మీరు తల్లి తర్వాత తల్లి. ఒక్క మాట రాయండి.

ఇట్లు,
ఫ్లోరెన్స్

———

రాయగడ,
ఆగస్టు 24.

ప్రియమైన మరదలు ఫ్లోరెన్స్‌కు,

నీ ఉత్తరం అందింది. అక్సా సంగతి చదివి హాస్టల్ పిల్లలందరికీ తలా ఒక బెల్లం ఉండ పంచాను. ఎందుకో చెప్పకుండానే పంచాను, తినేసి పోయారు.

దానికి ఇనుము మాత్రలు మానకుండా వేసుకోమను. అవి వేసుకుంటే కడుపులో తిప్పుతుందని వంక పెడతారు, వినకు. ముప్పై నాలుగేళ్ల మిషన్ ఉద్యోగంలో పద్నాలుగేళ్లు కాన్పుల వార్డులోనే చేశాను. ఆ వంకలన్నీ నాకు కంఠతా వచ్చు. పాదాలు వాచినా, కళ్లు మసకబారినా వెంటనే చూపించాలి, రేపు చూద్దామనకూడదు. వార్డెన్‌గా హాస్టల్‌కి మార్చాక నా చేతులకి పని తగ్గింది కానీ చూపు తగ్గలేదు.

కృపాకర్‌ని మరీ అంతగా అనకు. వాడు తాగడు, పేకాడడు. ఏదో ఒక పిచ్చి మగవాడికి ఉంటుంది. అమ్మ పోయేనాటికి వాడికి తొమ్మిదేళ్లు. అప్పట్నుంచీ ఏది చూసినా దాచుకునే బుద్ధి.

ఆ ఓడ మంచం ఎంత పొడుగు ఉంటుంది? సొరుగులు సాఫీగా వస్తున్నాయా? చెద పట్టలేదు కదా?

జాగ్రత్త.

దీనా

———

గాజువాక,
అక్టోబర్ 6.

వదినా,

నేను మీకు నా గోడు రాస్తే మీరు మంచం పొడుగు అడుగుతారేమిటి? చెద పడితే బాగుండును, ప్రార్థన చేసుకుంటాను.

ఈ ఉత్తరం కోపంతో రాస్తున్నాను, అక్షరాలు చూస్తే మీకే తెలుస్తుంది. నిన్న అక్సా అత్తగారూ, అల్లుడు జాన్ పాలూ వచ్చారు. చెప్పే వచ్చారు. రెండు రోజుల ముందే మీ తమ్ముడికి చెప్పాను, ముందు గది కాస్త సర్దండీ, ఆవిడ గది చూడటానికే వస్తోందని. సర్దాడు. ఎలా సర్దాడంటే కుర్చీలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి తాడు కట్టాడు. మా ఇంట్లో పదకొండు కుర్చీలున్నాయి వదినా. వియ్యపురాలిని కూర్చోబెట్టడానికి ఒక్కటి లేదు. తాడు ముడి విప్పడానికి ఈయన గోళ్లతో పీకుతూ ఉంటే ఆవిడ గుమ్మంలో నిలబడింది. చివరికి ఆ ఓడ మంచం అంచు మీదే కూర్చుంది. లేచేటప్పుడు వాషింగ్ మెషీన్ మూలకి తగిలి కొంగు చిరిగింది. ఆ మెషీన్ తిరగదు. ఊరికే ఉంది.

ఆవిడ నోరు పారేసుకునే మనిషి కాదు. అదే నాకు ఎక్కువ బాధ. టీ తాగి, కప్పు ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకుని నెమ్మదిగా అంది:

"ఫ్లారెన్స్ గారూ, మీరేటీ అనుకోకండి. బాలింత అడుగు ఎక్కడ ఎయ్యాల? సిన్నపిల్లాడికి దోమలు, దుమ్ము. మా ఇంట్లోనే నాను సూసుకుంతాను. క్రిస్మస్ తరవాత ఒకపాలి వచ్చి సూత్తాను. గది ఉంటే పంపుతాను. నేదంటే నేదు."

నేను తలొంచుకున్నాను. అప్పుడు మీ తమ్ముడు ఏం చేశాడో తెలుసా? లోపలికి వెళ్లి ఒక మిక్సీ తెచ్చాడు. "ఇది తీసుకెల్లండి, మంచి కండిషన్" అన్నాడు! మూడింటిలో ఒకటి పోతోందని సంతోషించాలో, సిగ్గుతో చావాలో నాకు తెలియలేదు. ఆవిడ నవ్వి వద్దంది. జాన్ పాల్ ఫోన్ చూసుకున్నాడు.

వాళ్లు వెళ్లాక ఏడ్చాను. నా కూతురు తొలి కాన్పుకి నా ఇంటికి రాదట. ఎందుకంటే నా ఇంట్లో వేరేవాళ్ల సామాన్లున్నాయి. ఎవరెవరో వాడి వదిలేసినవాటికి నా ఇంట్లో చోటుంది, నా బిడ్డకి లేదు. "మూడు నెల్లుంది కదే, సూద్దారి" అన్నాడు ఆయన. "ఎవరికి దాస్తున్నారివన్నీ?" అని గట్టిగానే అరిచాను. పక్కింటి దుర్గ గోడ మీంచి తొంగి చూసింది. ఆయన చెప్పులేసుకుని బయటికి పోయాడు.

నేను చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే. క్షమించండి, మీ గురించి కాదు. మీరు గట్టిగా ఒక్క ఉత్తరం రాయండి. ఇంకెవరి మాటా ఆయన వినడు.

ఫ్లోరెన్స్

———

రాయగడ,
అక్టోబర్ 19.

ఫ్లోరెన్స్‌కు,

ఇక్కడ పిల్లలకి జ్వరాలు. పదిహేను మంది పడకల మీద ఉన్నారు. అందుకే కొద్దిగా రాస్తున్నాను.

వియ్యపురాలు అన్నదానిలో తప్పు లేదు. నీ బాధలోనూ తప్పు లేదు. వాడికి రాస్తాను. కొంచెం సమయం ఇవ్వు.

తొందరపడి ఏదీ అమ్మేయకు.

దీనా

———

గాజువాక,
నవంబర్ 18.

వదినా,

మీరు రాస్తానన్న ఉత్తరం కోసం నాలుగు వారాలు చూశాను. పోస్ట్‌మాన్ కరెంటు బిల్లు ఇచ్చాడు, ఇంకేదీ ఇవ్వలేదు. సరే, నా పాట్లు నేనే పడదామనుకున్నాను. ఎలా పడ్డానో వినండి. నవ్వితే నవ్వండి, నాకు మాత్రం నవ్వు రాలేదు.

నిన్న మా సంఘంలో కోత పండుగ. మన చిన్నప్పటిలాగా ఇప్పుడు వరి కంకులు తెచ్చేవాళ్లెవరు? అయినా ఆనవాయితీ నడుస్తోంది. గుమ్మడికాయలు, కోళ్లు, కేకులు, ఇంట్లో చేసిన పచ్చళ్లు, ఎవరికి తోచింది వాళ్లు బలిపీఠం ముందు పెడతారు. ఆరాధన అయ్యాక పాస్టర్ అయ్యగారు వాటిని వేలం వేస్తారు, వచ్చింది సంఘానికి. దేవుడికి ఇచ్చినది వద్దనడానికి మీ తమ్ముడికి నోరు రాదు కదా అని నాకు ఒక ఆలోచన వచ్చింది. శుక్రవారం ఆయన మధ్యాహ్నం షిఫ్టుకి వెళ్లగానే దుర్గని పిలిచాను. ఇద్దరం కలిసి ఒక టేబుల్ ఫ్యానూ, ఒక మిక్సీ, రెండు మడత కుర్చీలూ, ఒక గోడ గడియారమూ ఆటోలో ఎక్కించి మందిరానికి చేర్చాం. దుర్గ పాపం వాళ్ల అమ్మవారికి కూడా ఇంత మోయలేదంది.

ఆదివారం వేలం మొదలైంది. ఆడవాళ్లం ఒక పక్క చాపల మీద, మగవాళ్లు ఒక పక్క. కోడి వెళ్లింది, గుమ్మడికాయ వెళ్లింది. అయ్యగారు టేబుల్ ఫ్యాన్ ఎత్తి చూపించారు. మీ తమ్ముడు మెడ సాచి చూశాడు. ఒకసారి నా వైపు తిరిగాడు. నేను పాటల పుస్తకంలో తల దూర్చాను.

వెంటనే చెయ్యి ఎత్తాడు.

వేరే ఎవరో పెంచారు. ఈయన ఇంకా పెంచాడు. ఫ్యాన్ కొన్నాడు. మిక్సీ కొన్నాడు. కుర్చీలు కొన్నాడు. గడియారానికి గురునాథరావు గారని మా వీధిలోని పెద్దాయన, పండుగ చూడటానికి వచ్చి సరదాగా పోటీ పడ్డారు. ఈయన పట్టు వదల్లేదు, కొట్లో కొత్తది వచ్చే ధరకి పాత గడియారం పాడుకున్నాడు. జనం చప్పట్లు. అయ్యగారు కళ్లు తుడుచుకుని ప్రకటించారు: "కృపాకర్ గారి కుటుంబం దేవునికి ఇచ్చింది, మరల కృపాకర్ గారే కొని రెండంతలు ఇచ్చారు. ఇలాంటి కుటుంబాలు సంఘానికి ఆశీర్వాదం." నన్ను లేచి నిలబడమన్నారు వదినా! నిలబడ్డాను. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

ఇంటికి వచ్చేటప్పుడు అదే ఆటో. ఒళ్లో గడియారం పెట్టుకుని ఆయన ఒక్క మాట అడగలేదు. సామాను మళ్లీ ముందు గదిలోకి, ఎక్కడివి అక్కడ పెట్టాడు. పెట్టాక మాత్రం అన్నాడు: "ఇంకోపాలి ఇలాగ సేయకు, ఫ్లారెన్సూ. అవి ఇచ్చీసివి కావు." అరిచి ఉంటే బాగుండేది.

నాకు ఇక ఓపిక లేదు. అక్సాకి ఏడో నెల. నిన్న ఫోన్లో "అమ్మా, నాను వస్తానా, రానా?" అని అడిగింది. ఏం చెప్పను? చిన్నవి ఎన్ని తీసినా ఆ గదిని మింగేసింది ఆ ఓడ మంచమే. దాన్ని తీస్తే సగం గది వస్తుంది. వచ్చే నెల ఏడో తారీకు శనివారం ఆయనకి పగలు షిఫ్టు. ఎల్లాజీతో మాట్లాడాను. ముందు కాదన్నాడు, తర్వాత దుర్గ చేత కూడా చెప్పించాను, ఒప్పుకున్నాడు. ట్రాలీ తెచ్చి పట్టుకుపోతాడు. ఎంతిస్తే అంత, ఊరికే ఇవ్వమన్నా ఇస్తాను.

ఫ్లోరెన్స్

———

రాయగడ,
డిసెంబర్ 2.

ఫ్లోరెన్స్,

ఈ ఉత్తరం పోస్టులో వేస్తే శనివారం లోపు చేరదని, వైజాగ్ వస్తున్న మా నర్సమ్మ చేతికిస్తున్నాను. ఆ మంచం అమ్మకు. ముందు ఇది చదువు, తర్వాత నీ ఇష్టం.

ఆ మంచం నాది. నా కోసం కొన్నది.

నీ దగ్గర మూడేళ్లుగా దాస్తున్నాను. నీ ప్రతి ఉత్తరం చదివినప్పుడూ చెప్పాలనుకున్నాను, ప్రతిసారీ ఇనుము మాత్రల గురించి రాసి ఊరుకున్నాను. పిరికితనం.

ఇక్కడ నేనుండే గది చూశావు కదా, ఒకసారి వచ్చావు. గోడ మీద, మంచం మీద, కుర్చీ మీద, చివరికి నీళ్ల బకెట్ మీద కూడా తెల్ల రంగుతో నంబర్లుంటాయి, గమనించావో లేదో. అవి మిషన్ వారి ఆస్తి జాబితా నంబర్లు. ఏటా మార్చి నెలలో ఒక గుమస్తా పుస్తకం పట్టుకుని వచ్చి, నేను గదిలో ఉండగానే నా మంచం వంగి చూసి టిక్కు పెట్టుకుని పోతాడు. ముప్పై నాలుగేళ్లు. వచ్చే ఈస్టర్‌కి నాకు రిటైర్‌మెంట్. ఆ రోజు ఒక పెట్టె, బైబిలు, నాలుగు చీరలు పట్టుకుని బయటికి రావాలి.

మూడేళ్ల క్రితం కృపాకర్ వచ్చినప్పుడు మాటల్లో అన్నాను: "తమ్ముడూ, ఇన్నేళ్లు ఉద్యోగం సేసినాను గానీ నాదని ఒక మంచమైనా నేదురా." ఏదో నవ్వుతూ అన్నమాట. కానీ నవ్వుతూ అన్నానని ఇప్పుడు రాస్తే అబద్ధం. వాడు విని ఏదైనా చేస్తే బాగుండునని లోపల ఉంది. వాడు విన్నాడు. "నువ్వు మా ముందు గదిలో ఉంతావప్పా. సామాను నాను సూసుకుంతాను" అన్నాడు. ఫ్లోరెన్స్‌ని అడిగావా అంటే, సమయం చూసి చెబుతానన్నాడు. సమయం చూస్తూనే ఉన్నాడు.

నేను అడిగింది ఒక మంచం, ఒక బీరువా. మూడు మిక్సీలూ పదకొండు కుర్చీలూ నేనడగలేదు, అది వాడి పిచ్చి. ఒకటి తెచ్చాక దానికంటే మంచిది కనిపిస్తే "అక్కకి ఇది బాగుంటాది" అని అదీ తెస్తాడు, ముందుది వదలడు. కానీ మొదలుపెట్టింది నేను.

వేలంలో వాడు కొన్నవి నా సామాన్లు.

ఇప్పుడు నేనొక నిర్ణయం తీసుకున్నాను. అక్సా పురుడు ఆ గదిలోనే జరగాలి. నేను చెబితే తప్ప వాడు వాటిని వదలడు. అందుకని వాడికి ఒక ఉత్తరం రాసి దీనితో పెట్టాను. వాడికి ఇవ్వు. అందులో ఉందని రాశాను గానీ ఇక్కడ రిటైరైనవాళ్ల హోమ్ అంటూ ఏదీ లేదు. ఆ సంగతి వాడికి తెలియదు, నువ్వు చెప్పకు. నా సంగతి నేను చూసుకోగలను.

దీనా

———

రాయగడ,
డిసెంబర్ 2.

తమ్ముడు కృపాకర్‌కు,

అక్క ఆశీస్సులు. నీకొక సంతోషమైన మాట. ఇక్కడ మిషన్ వారు రిటైరైన సిబ్బంది కోసం ఒక హోమ్ కట్టారు. మంచం, బీరువా, ఫ్యాను అన్నీ వాళ్లే ఇస్తారు. నా స్నేహితులందరూ అక్కడే ఉంటారు. నాకు అక్కడే ఉండాలని ఉంది. గాజువాక రాను. అక్కడి వేడి, ఆ దుమ్ము నాకు పడవు.

కాబట్టి నువ్వు నా కోసం దాచిన సామాన్ల అవసరం లేదు. ఎల్లాజీకి ఇచ్చెయ్యి. ఓడ మంచం కూడా. ముందు గది అక్సాకి సిద్ధం చెయ్యి.

నొచ్చుకోకు. నువ్వు తలచుకున్నావు, అదే చాలు.

అక్క

———

గాజువాక,
డిసెంబర్ 6.

దీనా వదినకు,

మీ నర్సమ్మ రేపు తిరిగి వస్తోందని ఆవిడ చేతికే ఇస్తున్నాను.

మంచం అమ్మలేదు. ఎల్లాజీని రావద్దన్నాను.

ఇంకేం రాయాలో తెలియడం లేదు. మూడేళ్లుగా ఇంట్లో నా గోడు వినేవాళ్లు లేక మీకు చెప్పుకున్నాను. మీరు వింటున్నారనుకున్నాను. ఆ కుర్చీని తిట్టాను, ఆ బీరువాని తిట్టాను, మీకే రాశాను, అవి మీవని తెలిసి మీరు చదివారు. నన్ను ఎంత పిచ్చిదాన్ని చేశారు! ఆయనంటే నోరు లేని మనిషి. మీకు పెన్నుంది కదా?

మీ ఇద్దరూ కూర్చుని నా ఇంట్లో ముందు గది పంచుకున్నారు. గది తుడిచేది నేను. నన్ను అడగాలని అక్కాతమ్ముళ్లలో ఒక్కరికీ అనిపించలేదు.

ఆయనకి రాసిన ఉత్తరం నా బైబిల్లో ఉంది. ఇంకా ఇవ్వలేదు. ఇస్తానో లేదో తెలియదు.

ఫ్లోరెన్స్

———

రాయగడ,
డిసెంబర్ 9.

ఫ్లోరెన్స్‌కు,

నువ్వు రాసిన ప్రతి మాటా నిజం.

ఉత్తరం వాడికి ఇవ్వు. రోజులు దగ్గర పడుతున్నాయి.

దీనా

———

గాజువాక,
డిసెంబర్ 30.

దీనా వదినకు,

ఇన్నాళ్లూ రాయకపోవడానికి మొదటి వారం కోపం కారణం, తర్వాత పని కారణం. చేతులు బొబ్బలెక్కాయి, అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకుని చదువుకోండి.

మీరు తమ్ముడికి రాసిన ఉత్తరం ఆయనకి ఇవ్వలేదు. దీనితో తిప్పి పంపుతున్నాను. చింపుదామనుకున్నాను, కానీ అబద్ధం ఎవరిదో వాళ్లే చింపుకోవాలి.

ఇద్దామని మాత్రం లేచాను, అది దాచను. పదిహేనో తారీకు ఆదివారం, ఆరాధన నుంచి వచ్చి ఉత్తరం చేత్తో పట్టుకుని ముందు గదిలోకి వెళ్లాను. ఆయన ఓడ మంచం అంచుకి ఉప్పుకాగితం రుద్దుతున్నాడు. ఒళ్లంతా చెక్క పొడి. ఇది ఆయన చేతికి ఇస్తే రెండు నిమిషాల్లో నాకు గది వస్తుంది. మీరన్నట్టు మీ మాట దాటడు. నాకు కావలసింది అదే కదా ఆర్నెల్లుగా!

"ఆ అంచు కోసెయ్యండి, ఎవరైనా కూర్చోవడానికి ఉంటుంది" అన్నాను, ఏం మాట్లాడాలో తెలియక.

"కోసీకూడదే. అక్క నిద్దట్లో దొర్లుద్ది. సిన్నప్పుడు ఎన్నిపాల్లు కింద పడీసిందో" అన్నాడు. అన్నాక గానీ నోరు జారిందని తెలియలేదు ఆయనకి. ఉప్పుకాగితం అలాగే పట్టుకుని నన్ను చూశాడు. యాభై ఆరేళ్ల మనిషి వదినా, కుండ పగలగొట్టిన పిల్లాడిలా చూశాడు.

"నాకు తెలుసు. వదిన రాసింది" అన్నాను. ఉత్తరం కొంగులో చుట్టేశాను.

తర్వాత అడిగాను: "మూడేళ్లు! నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు ఒద్దంతావని."

అంతే అన్నాడు. నేను మంచం అంచు మీద కూర్చుండిపోయాను. కోపం వస్తుందనుకున్నాను, రాలేదు. దాని సంగతి చివర రాస్తాను, ముందు పనుల సంగతి చెప్పనివ్వండి, లేకపోతే మళ్లీ రాయలేను.

దుర్గ వాళ్ల ఇంటి వెనక పోర్షన్‌లో అద్దెకున్నవాళ్లు నవంబర్‌లోనే ఖాళీ చేశారు. ఒక గది, ఒక వంటిల్లు, కొళాయి. మా గోడకి ఆనుకునే ఉంది. ఆ సాయంత్రమే వెళ్లి అడిగాను. దుర్గ వాళ్లాయన శ్రీనివాసరావు "ఎవరికండీ?" అంటే "మా ఆడపడుచుకి" అన్నాను. అద్దె సంగతి మీ పెన్షన్ వచ్చాక మీరూ మీ తమ్ముడూ చూసుకోండి, అందులో నేను తలదూర్చను.

సామాను మార్చడానికి మాత్రం నేను ఒక్క షరతు పెట్టాను. ఏదైనా ఒకటే. రెండోది ఉంటే అది ఎల్లాజీ ట్రాలీలోకి. మూడు సాయంత్రాలు యుద్ధం జరిగింది. ప్రతి ఫ్యానుకీ ఒక కథ, ప్రతి కుర్చీకీ ఒక వకాల్తా. "ఇది రాత్రిపూట సప్పుడు సెయ్యదే" అని ఒక ఫ్యాను. అక్కకి చప్పుడు వినపడదు కదండీ అన్నాను. అప్పుడు వదిలాడు. కుర్చీలు రెండుకి ఒప్పుకున్నాను, వచ్చినవాళ్లు కూర్చోవాలి కాబట్టి. తిరగని వాషింగ్ మెషీన్ ట్రాలీ ఎక్కేటప్పుడు ఆయన లోపలికి వెళ్లిపోయాడు. ఎల్లాజీ నాతో మెల్లగా, "అక్కా, మల్లీ నా కాడే కొంతాడు, సూసుకో" అన్నాడు. అతని కాళ్లు విరగ్గొడతానని చెప్పాను.

ఓడ మంచం దుర్గ వాళ్ల సందులో పట్టలేదు. గోడ మీంచి తాళ్లు కట్టి దించారు. క్రేన్ ఆపరేటర్‌కి ఇన్నాళ్లకి ఇంట్లో పని దొరికిందని వీధి వీధంతా నవ్వింది. ఆయన మాత్రం ఎవరి మాటా వినకుండా, "మెల్లిగ, మెల్లిగ" అంటూ దించాడు. ఇప్పుడది కిటికీ పక్కన ఉంది. నంబరేమీ లేదు దాని మీద, నేనే వంగి చూశాను.

క్రిస్మస్ మర్నాడు అక్సా అత్తగారు వచ్చింది. ముందు గది గుమ్మంలో నిలబడి నేల వైపు, గోడల వైపు చూసింది. "పర్లేదు" అంది. అంతకంటే మంచి మాట ఆవిడ నోట రాదు, అక్సా చెప్పింది. ఒకటో తారీకు ఆరాధన అయ్యాక పిల్లని తీసుకొస్తున్నాం. నిన్న సాయంత్రం మీ తమ్ముడు ఎక్కడినుంచో పాత ఉయ్యాల ఒకటి తెచ్చాడు. నేను చూశాను, ఏమీ అనలేదు. ఒక్కటే కాబట్టి. రెండోది తేనివ్వండి, చెబుతాను ఆయన సంగతి.

ఇక ఆ మాట. "నువ్వు ఒద్దంతావని" అన్నాడు కదా. నేనలా అనేదాన్నా, నన్ను అంత చెడ్డదాన్ని అనుకున్నారా అని అడగడానికి నోరు తెరిచాను. మళ్లీ మూసుకున్నాను. ఎందుకంటే నేను ఒద్దనేదాన్నే వదినా. మూడేళ్ల క్రితం అడిగి ఉంటే, ఉన్న రెండు గదుల్లో ఆడపడుచు కూడానా అని ఉండేదాన్ని. మీరు ఆయన్ని పెంచారని తెలిసి కూడా అని ఉండేదాన్ని. ఆయన నాతో కాపురం చేసిన మనిషి, నన్ను చదివే దాచాడు. నన్నెవరూ అడగలేదని మీకు అంత గట్టిగా రాశాను. అడిగితే ఏమనేదాన్నో కూడా నేనే రాయాలి కాబట్టి రాస్తున్నాను. ఇది రాయకుండా ఆ కొత్త గది తాళం మీ చేతికి ఇవ్వలేను.

ఈస్టర్ దాకా ఆగకండి. మీకు సెలవులు ఎన్నేళ్లవి మిగిలి ఉన్నాయో నాకు తెలుసు, ఒక్కటి కూడా వాడుకోలేదు మీరు. పెట్టేసి బయల్దేరండి. రెండు రోజులుగా అక్సా పాదాలు వాచాయట. రేపు చూద్దామన్నాడట వాళ్లాయన. ఫోన్ మీద అరిచాను, ఇవాళ ఆస్పత్రికి తీసుకెళ్లాడు, బీపీ కొంచెం ఎక్కువుందన్నారట. వియ్యపురాలి ముందు ధైర్యంగా మాట్లాడాను గానీ, ఆ గది ఊడ్చి కడిగి ఖాళీగా చూసేసరికి చీపురు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాను. నాకు సర్దడం తెలుసు. పురుడు పోయడం తెలియదు. పక్కన అమ్మ లేదు. మీరే ఉండాలి.

నాకు భయంగా ఉంది వదినా. రండి.

మీ మరదలు,
ఫ్లోరెన్స్